పాలు మానేసి 45 రోజులు: పెరుగన్నం, బీ12, నాన్న తద్దినం

డికాషన్_దాసు:

నమస్కారం. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది తరతరాలుగా శాకాహారుల ఇల్లు, గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాలేదు. నాకు 36. సొంతూరు తెనాలి దగ్గర, ఉద్యోగం హైదరాబాదులో, ఇంట్లో అమ్మ, నా భార్య, ఆరేళ్ళ పాప. మొన్న సంక్రాంతికి బావమరిది వాళ్ళ ఊరెళ్ళినప్పుడు పొద్దున్నే చెంబు పట్టుకుని పాలకి నేనే వెళ్ళాను. పిండే ముందు పాలాయన గేదెకి ఇంజెక్షన్ పొడిచాడు. దూడేదండీ అని ఊరికే అడిగాను. "పోతు దూడండీ, పది రోజులకే పోయింది" అన్నాడు, రాత్రి కరెంటు పోయింది అన్నంత మామూలుగా. నేను చెంబు నింపుకుని వచ్చేశాను, ఆ పాలతో కాఫీ కూడా తాగాను, అబద్ధం ఎందుకు. కానీ తిరుగు ప్రయాణంలో బస్సులో అంతా అదే ఆలోచన. మాంసం తినం కాబట్టి మనకే పాపమూ అంటదని ఇన్నేళ్ళూ అనుకున్నాను, మరి ఆ దూడని ఎవరి ఖాతాలో రాయాలి?

ఇంటికొచ్చాక పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, పన్నీరు అన్నీ ఆపేశాను. తేనె కూడా, అది కష్టం కాలేదు లెండి, మా ఇంట్లో తేనె సీసా దగ్గు వచ్చినప్పుడు తప్ప బయటికి రాదు. ఇవాళ్టికి 45 రోజులు. భార్య "నీ ఇష్టం, నన్ను మాత్రం లాగకు" అంది, పాపని నేనే బలవంతపెట్టలేదు. ఇప్పుడు మూడు చోట్ల ఇరుక్కున్నాను.

ఒకటి పెరుగన్నం. నవ్వకండి. పప్పు, కూర, పులుసు ఎంత తిన్నా చివర పెరుగు పడకపోతే భోజనం అయినట్టు లేదు, చెయ్యి కడుక్కోవాలనిపించదు, విస్తట్లో ఏదో బాకీ మిగిలినట్టు ఉంటుంది. బజార్లో సోయా పెరుగు కొన్నాను, పచ్చి చిక్కుడు వాసన, రెండు చెంచాలు తిని పక్కన పెట్టా. కాఫీ అయితే సోయా పాలు పోయగానే విరిగిపోతోంది.

రెండోది, ఆఫీసులో ఏటా చేయించే రక్తపరీక్షలో బీ12 విటమిన్ 164 వచ్చింది, అంటే తక్కువ. అరికాళ్ళలో అప్పుడప్పుడు తిమ్మిరిగా, చీమలు పాకినట్టుగా ఉంటోంది. అమ్మ ఆ కాగితం చూసినప్పటి నుంచి "పాలు మానేసిన పాపం" అని ఇల్లంతా వినపడేలా అంటోంది.

మూడోది అన్నిటికంటే పెద్దది. ఇంకో పదహారు రోజుల్లో నాన్న తద్దినం. కర్తని నేనే. హోమంలో నెయ్యి, పిండాల్లో నెయ్యి, పెరుగు, తేనె, భోక్తల (పితరుల స్థానంలో కూర్చుని తినేవాళ్ళ) విస్తట్లో అభిఘారం, అంటే వడ్డించినవాటి మీద నెయ్యి చుక్క, పరమాన్నం, ఆ తర్వాత పితృశేషం, అంటే పితరులకి పెట్టగా మిగిలింది, నేను తినాలి. అమ్మతో ఈ మాట ఎత్తే ధైర్యం ఇంకా రాలేదు. నాన్నకి గడ్డపెరుగంటే ప్రాణం. ఎవరైనా ఇలాంటి పరిస్థితి దాటి వచ్చారా?

—

పల్లీల_వాణి:

దాసు గారూ, నాకు ఏడో ఏడు నడుస్తోంది. మాది వరంగల్, వేరుశెనగలని పల్లీలు అనే వైపు, కాబట్టి అలాగే రాస్తా.

ముందు పెరుగు సంగతి, అదే ముఖ్యం, చాలామంది తిరిగి పాలలోకి జారిపోయేది కూడా అక్కడే. సోయా పెరుగు కొనకండి. ఒక కప్పు పచ్చి పల్లీలు రాత్రి నానబెట్టండి, పొద్దున చేత్తో నలిపితే పొట్టు ఊడుతుంది, పొట్టు ఎంత తీస్తే పెరుగు అంత తెల్లగా వస్తుంది. మెత్తగా రుబ్బి మొత్తం మూడు కప్పుల నీళ్ళు పట్టించి పల్చటి గుడ్డలో పిండండి. ఆ పాలని సన్న మంట మీద అడుగంటకుండా తిప్పుతూ పది పదిహేను నిమిషాలు కాయాలి, ఇక్కడ బద్ధకిస్తే పచ్చివాసన పోదు, తోడుకున్నాక నీళ్ళూ పాలూ విడిపోతాయి. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చి, తోడుకి ఏడెనిమిది పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూతపెట్టి వదిలేయండి. తొడిమల మీద ఉండే సూక్ష్మజీవులే పులియబెడతాయి. హైదరాబాదులో ఇప్పుడున్న ఎండకి ఎనిమిది నుంచి పది గంటలు. మొదటి గిన్నె మిరప ఘాటుతో అదోలా ఉంటుంది, దాన్ని తిని నన్ను తిట్టకండి, అది తోడు కోసమే. దాంట్లోంచి ఒక చెంచా తీసి రెండో గిన్నెకి తోడు వేయండి, అసలు పెరుగు అప్పుడొస్తుంది. పల్లీల్లో పది జీడిపప్పులు కలిపి రుబ్బితే ఇంకా కమ్మగా ఉంటుంది. రంగు మారినా, బూజు కనిపించినా మొహమాటం లేకుండా పారేయండి. గుడ్డలో మిగిలిన పిప్పిని బీరకాయ కూరలో వేయండి, లేదంటే చట్నీ.

అచ్చం గేదె పెరుగులా ఉంటుందా అంటే ఉండదు. పల్లీ వాసన కొంచెం ఉంటుంది. ఆవాలు, అల్లం, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెట్టి దద్దోజనంలా కలిపితే నా మట్టుకు నాకు తేడా తెలియడం మానేసింది. మా ఆయనకి ఇప్పటికీ తెలుస్తుంది.

కాఫీకి వస్తే, సోయా పాలు విరగడానికి కారణం డికాషన్‌లో పులుపు, పైగా వేడి. పాలని విడిగా వెచ్చచేసి, డికాషన్‌ని దాంట్లోకి కొంచెం కొంచెం పోయండి, మీరు ఎదురు చేస్తున్నట్టున్నారు. ఓట్స్ పాల ప్యాకెట్ అయితే విరగదు, నురగ కూడా వస్తుంది, కానీ మామూలు పాల కంటే మూడు రెట్ల పైనే ధర. పోనీ ఇంట్లో చేద్దామని ఓట్స్ రుబ్బి పాలు తీస్తే వేడి తగలగానే గంజి అవుతుంది, నేను చేసి చూసే చెప్తున్నా. చివరికి నేను బెల్లం వేసిన నల్ల డికాషన్‌కి అలవాటు పడ్డాను.

నెయ్యి? ఆవకాయ అన్నంలో పప్పునూనె కలుపుకోండి. ముద్దపప్పులో కూడా అదే, రెండు చుక్కలు. నెయ్యి బెంగ నాకు నెల రోజుల్లో తీరిపోయింది, పెరుగు బెంగ తీరడానికి ఏడాది పట్టింది.

బయట తినేటప్పుడు ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి మోసపోకండి, ఆ చుక్క పాలకి, తేనెకి కూడా ఉంటుంది. 2022లో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వీగన్ ఆహారానికి (జంతువుల నుంచి వచ్చేదేదీ లేనిదానికి) విడిగా నిబంధనలు పెట్టింది, ఆకుపచ్చ 'వి' అక్షరం గుర్తు, కానీ అది ఉన్న సరుకు మన కిరాణా కొట్టులో చాలా తక్కువ. వెనకాల చిన్న అక్షరాల్లో పాలపొడి, వే, కేసిన్ (ఈ రెండూ పాలలోంచి తీసేవే) అని ఉందేమో చదవాల్సిందే. బిస్కెట్లలో ఉంటుంది, కొన్ని బ్రెడ్లలో ఉంటుంది, చిప్స్ మసాలాలో కూడా ఉంటుంది. హోటల్లో మైసూరు బజ్జీ పిండి పెరుగుతో కలుపుతారు, నాన్‌లో పెరుగో పాలో పడతాయి, పెసరట్టు నూనెతో వేయమని ముందే చెప్పాలి. పూతరేకులు మాత్రం మర్చిపోండి, ఆత్రేయపురం వెళ్ళి నెయ్యి లేకుండా అడిగితే వాళ్ళు మనల్ని చూసే చూపు భరించలేం. నువ్వుండలు, పల్లీపట్టి, మా వైపు సకినాలు, సర్వపిండి ఎవర్నీ అడక్కుండా తినొచ్చు.

తద్దినం గురించి నాకు తెలియదు, మా ఇంట్లో ఆ పద్ధతి వేరు.

—

కిలోకేలరీ:

నేను డైటీషియన్‌ని, డాక్టర్ని కాదు, అది గుర్తుపెట్టుకుని చదవండి.

దాసు గారూ, మీ అమ్మగారికి ముందు ఈ ముక్క చదివి వినిపించండి: 45 రోజులు పాలు మానితే బీ12 164కి పడిపోదు. మన కాలేయం బీ12ని ఏళ్ళకి సరిపడా దాచుకుంటుంది, లోపలికి రావడం పూర్తిగా ఆగిపోయినా ఆ నిల్వ తరగడానికి మామూలుగా రెండు మూడేళ్ళో అంతకంటే ఎక్కువో పడుతుంది. అంటే మీ లోటు పాలు తాగే రోజుల నాటిదే, ఇప్పుడు పరీక్షలో బయటపడింది, అంతే. పుట్టు శాకాహారుల్లో ఇది చాలా మామూలు. ఆవు పాలలో 100 మిల్లీలీటర్లకి అర మైక్రోగ్రాము లోపే ఉంటుంది, మనకి రోజుకి రెండు మైక్రోగ్రాముల పైచిలుకు కావాలి. రెండు కాఫీలు, పల్చటి మజ్జిగతో అది నిండదు. కాబట్టి ఇంట్లో మీరొక్కరే కాదు, అమ్మగారు కూడా పరీక్ష చేయించుకుంటే మంచిది, ఆవిడ షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే మరీనూ, ఆ మందు బీ12 ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది.

ఇక మీ అరికాళ్ళ తిమ్మిరి. దీన్ని ఇక్కడ మమ్మల్ని అడిగి ఊరుకోకండి, ఈ వారంలోనే డాక్టర్‌కి చూపించండి. బీ12 లోటు ఎక్కువ కాలం ఉంటే నరాలు దెబ్బతింటాయి, ఆలస్యం చేస్తే కొంత తిరిగి రాదు కూడా. ఇంజెక్షన్లా మాత్రలా అన్నది డాక్టర్ చెప్పాలి. సొంతంగా ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రం మొదలుపెట్టొద్దు, దాంతో రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాల సంగతి దాగిపోతుంది.

లోటు పూడ్చుకున్నాక జీవితాంతం ఒక మోతాదు తీసుకుంటూ ఉండాలి, వీగన్‌గా ఉన్నంతకాలం దీనికి వేరే దారి లేదు. ఇంగ్లండులోని వీగన్ సొసైటీ వాళ్ళే రోజుకి కనీసం 10 మైక్రోగ్రాములు లేదా వారానికి ఒకసారి 2000 మైక్రోగ్రాములు అంటారు. అంత తేడా ఎందుకంటే పేగు ఒక విడతకి ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాములే సరిగ్గా పట్టుకోగలదు, ఆ పైన మింగినదాంట్లో వందో వంతు మాత్రమే లోపలికి వెళ్తుంది. స్పిరులినా తినండి, చద్దన్నం తినండి, పులిసిన ఇడ్లీ పిండిలో బీ12 ఉంటుంది అని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకండి. స్పిరులినాలో ఉండేది ఎక్కువగా బీ12ని పోలిన వేరే పదార్థం, మన ఒంటికి పనికిరాదు. చద్దన్నం మంచిదే, ఈ పనికి మాత్రం కాదు.

కాల్షియం గురించి మీరు అడగలేదు కానీ అడగాల్సింది అదే. మన జాతీయ పోషకాహార సంస్థ, అదే తార్నాకలో ఉన్నది, పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాములు అని లెక్క కట్టింది. పాలు పోతే ఆ లోటు గట్టిదే. 100 గ్రాముల రాగిపిండిలో దాదాపు 350, పొట్టు తీయని నువ్వులు రెండు పెద్ద చెంచాల్లో 200 పైనే, తర్వాత మునగాకు, ఉలవలు. పాలకూరని లెక్కలో వేయకండి, దాంట్లో కాల్షియం ఉన్నా ఆగ్జలేట్ అనే పదార్థం దాన్ని పట్టుకుని వదలదు. రోజూ సాయంత్రం ఒక నువ్వుండ, పొద్దున రాగి జావ, వారంలో మూడు నాలుగు రోజులు మునగాకు పప్పు అంటే కొంతవరకు గట్టెక్కుతారు. మిగతాదానికి కాల్షియం కలిపిన సోయా పాలు ఉన్నాయి, కాఫీకి పనికిరాకపోయినా జావలో బాగుంటాయి. కొనేముందు వెనక రాసింది చూడండి, అన్నిట్లో కలపరు.

డి విటమిన్ కూడా చూపించుకోండి. బజారులో దొరికే డీ3 ఎక్కువ భాగం గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీసింది, అది వద్దనుకుంటే లైకెన్ (రాళ్ళ మీద, చెట్ల మీద నాచులా పెరిగేది) నుంచి చేసినది గానీ డీ2 గానీ అడగండి. గుళిక పైతొడుగు చాలావాటికి జెలటిన్, అంటే జంతువుల ఎముకలు, చర్మం నుంచి వచ్చేది. పుట్టు శాకాహారులం అనుకునేవాళ్ళం అందరం ఎన్నిసార్లు మింగామో లెక్కలేదు.

ప్రొటీన్ గురించి టెన్షన్ వద్దు, పప్పు తినే ఇల్లు కదా, కాకపోతే పప్పు అంటే గరిటెడు నీళ్ళలో తేలే నాలుగు బద్దలు కాకూడదు. ఇంకోటి, ఆరోగ్యం పేరుతో సైంధవ లవణానికి మారారా? మారితే అయోడిన్ పోతుంది, మామూలు అయోడిన్ ఉప్పే వాడండి. పాపని బలవంతపెట్టకపోవడం మంచి పని చేశారు. పిల్లల విషయంలో పిల్లల డాక్టర్‌తో మాట్లాడకుండా ఏదీ తీసేయకూడదు.

—

గేదెల_కొట్టం:

పాలు అమ్మే ఇంట్లోంచి రాస్తున్నాను, ప్రకాశం జిల్లా. మీరు నన్ను తిట్టలేదు కాబట్టి నేనూ మర్యాదగానే చెప్తాను.

పాలు దిగడానికి పొడిచే ఆ ఇంజెక్షన్ తప్పు. అందులో వాదన లేదు, చట్టం కూడా ఒప్పుకోదు, మా ఇంట్లో వాడం. కానీ దూడ పోతే గేదె చేపదు, అంటే పాలు కిందికి దింపదు, చేపకపోతే పొదుగులో పాలు ఆగిపోయి దానికీ బాధే, పొదుగువాపు వస్తుంది. మా తాత హయాంలో చచ్చిపోయిన దూడ చర్మంలో గడ్డి కూరి ఎదురుగా నిలబెట్టేవారు, గేదె దాన్ని నాకుతూ చేపేది. నేను చిన్నప్పుడు చూశాను, ఇప్పటికీ తలుచుకుంటే అదోలా ఉంటుంది. ఇంజెక్షన్ దానికంటే మేలా కీడా అంటే నేను చెప్పలేను.

పోతు దూడ సంగతి మీరు అనుకున్నదే నిజం. పెయ్యదూడకి పెట్టే శ్రద్ధ దానికి పెట్టరు, కడుపునిండా తాగనివ్వరు, కడుపులో ఏలికపాములకి మందు పట్టించరు, అదే పోతుంది, ఎవరూ చంపక్కర్లేదు. వెనకటికి దున్నపోతు దమ్ము చేయడానికి, బండికి పనికొచ్చేది, కోడెదూడ అయితే ఇంకా విలువ. ట్రాక్టర్ వచ్చాక ఆ పని పోయింది. పాల కేంద్రంలో మాకు డబ్బులు వెన్న శాతం చూసి ఇస్తారు, దాణా ధర ఏటా పెరుగుతుంది, ఆ దూడ తాగే రెండు లీటర్లు కూడా లెక్కలోకే వస్తాయి. ఇప్పుడు పశువుల ఆసుపత్రుల్లో ఆడదూడలే ఎక్కువగా పుట్టేలా వేరుచేసిన వీర్యం ఇస్తున్నారు, పది ఈతల్లో తొమ్మిది పెయ్యలే అంటారు, మేం రెండు గేదెలకి వేయించాం, రెండూ పెయ్యలే. మరి మీకు అది సరేనా? దూడ చావదు, కానీ పుట్టనే పుట్టదు.

ఇంకో మాట. మా ఊళ్ళో పాల డబ్బులు పదిహేను రోజులకోసారి ఆడవాళ్ళ చేతికొస్తాయి. పొగాకు, మిర్చి డబ్బు మగవాళ్ళ చేతికి, అది అప్పులవాళ్ళకి. పిల్లల ఫీజు కట్టేది పాల డబ్బే. మీరు మానేస్తే మాకు ఏమీ కాదు, మీ ఒక్కరి చెంబు ఎంతని. కానీ పాలు తాగేవాళ్ళంతా దూడల్ని చంపేవాళ్ళు అని ఎవరైనా రాస్తే మా అమ్మ మొహం గుర్తొస్తుంది. వట్టిపోయిన ముసలి గేదెని కూడా అమ్మనివ్వకుండా ఇంకా కొట్టంలో ఉంచుకుని కుడితి పెడుతోంది, ఆ ఖర్చుకి మా నాన్న రోజూ సణుగుతాడు.

—

పల్లీల_వాణి:

కొట్టం అన్నా, మీరు రాసినంత నిజాయితీగా వీగన్లు కూడా రాయరు. కానీ మీ అమ్మ లాంటి వాళ్ళు ఊరికి ఎంతమంది ఉంటారు? మీరే చెప్పండి.

—

గేదెల_కొట్టం:

మా ఊళ్ళో అయితే ఇద్దరు. ఒకావిడ పోయిన ఏడు కాలం చేసింది.

—

మ్యూనిక్_మిరపకాయ:

అన్నా, ఇక్కడ జర్మనీలో మాకిది చాలా తేలిక. ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్ళినా సోయా పెరుగు, కొబ్బరి పెరుగు, ఓట్స్ పాలు అరలు నిండా ఉంటాయి. చక్కెర కలపని సోయా పెరుగులో నిమ్మరసం, ఉప్పు వేసి అన్నంలో కలుపుకుంటా, తినగా తినగా అదే అలవాటైంది. నాకు కష్టం ఇండియా వచ్చినప్పుడే. పోయిన వేసవిలో మూడు వారాలు బెజవాడలో ఉన్నాను, ప్రతి చుట్టం ఇంట్లో "ఇది నెయ్యి కాదులే, ఊరికే వాసనకి వేశాం" అన్నారు. మా పెద్దమ్మ అయితే వెన్న కాచిన గిన్నెలోనే పోపు పెట్టి, నెయ్యి వేయలేదు అని దేవుడి మీద ఒట్టు పెట్టింది. నిజమే, వేయలేదు.

—

రిటైర్డ్_మాస్టారు:

నాయనా దాసూ, నాకు 71. నా తండ్రి తద్దినం 40 ఏళ్ళుగా పెడుతున్నాను. శాస్త్రం నాకు కంఠతా రాదు, ఆనవాయితీ తెలుసు. నా అభిప్రాయం చెప్తాను, మీ పురోహితుణ్ణి అడగకుండా మాత్రం ఏదీ చేయకు. అదీ ముందు రోజు ఫోనులో కాదు, ఇప్పుడే వెళ్ళి అడుగు. ఆ రోజు మడి కట్టుకుని పీట మీద కూర్చున్నాక అడిగితే ఆయన "ఇలాంటివి ఇప్పుడా" అంటాడు, అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, వంట చల్లారిపోతుంది.

నా దృష్టిలో ఇవి రెండు వేరు వేరు. హోమం, పిండం, భోక్తల భోజనం నీ నాన్నకి చేసేవి, ఆయన నమ్మకం ప్రకారం జరగాలి. ఆయన పాలు మానలేదు, నువ్వు మానావు. నీ విస్తరి దగ్గరికి వచ్చేసరికి సంగతి వేరు. నాకు షుగర్ వచ్చాక మా పురోహితుడు పరమాన్నం వేలితో అంటుకుని నాలుకకి రాసుకుంటే చాలన్నాడు, పదేళ్ళుగా అంతే చేస్తున్నాను, మా నాన్న ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు. తద్దినం వంటలో మినప గారెలు, నువ్వులుండలు, అల్లం పచ్చడి, కూరలు, ఇవేవీ నీకు ఇబ్బంది లేనివే కదా. ఆ రోజు ఆకు మీద ఎక్కువ భాగం నువ్వు తినగలిగేదే.

గాంధీగారి సంగతి నీకు తెలిసే ఉంటుంది. కలకత్తాలో ఆవుల్ని, గేదెల్ని పెట్టే హింస గురించి చదివి మనసు విరిగి 1912లో దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారంలో ఉండగా పాలు మానేశాడు, ఆయన స్నేహితుడు కాలెన్‌బాక్ కూడా ఆయనతో పాటే మానాడు. 1918లో విరేచనాలతో చావు అంచుదాకా వెళ్ళినప్పుడు డాక్టర్లు పాలు తాగమన్నారు, ఒప్పుకోలేదు. కస్తూరిబా "మీరు మానింది ఆవుపాలు, గేదెపాలు, మేకపాలకి అడ్డేముంది" అన్నట్టుగా అంటే చివరికి మేకపాలు తాగాడు. మాట నిలిచింది కానీ దాని అర్థం చచ్చిపోయిందని ఆయనే తర్వాత బాధపడుతూ రాసుకున్నాడు. నేను నీకు మేకపాలు తాగమని చెప్పడం లేదు. అంతటి మనిషి ఇంట్లో కూడా ఇది గొడవే అయిందని చెప్తున్నాను.

—

పల్లీల_వాణి:

మాస్టారూ, కోపం తెచ్చుకోకండి, కానీ అరకిలో నెయ్యి కొని హోమంలో పోస్తే ఆ దూడకి లెక్క తగ్గుతుందా? తినకపోతే పాపం రాదనుకోవడం మళ్ళీ పాత శాకాహారుల లెక్కే అవుతుంది కదా.

—

రిటైర్డ్_మాస్టారు:

తగ్గదమ్మా. తల్లి ముందు కొడుకు లెక్క కూడా ఒకటి ఉంటుంది, రెండూ ఒకే చిట్టాలో పట్టవు. నెయ్యి సగం చేయమను, ఎవరూ కొలవరు.

—

డికాషన్_దాసు:

అందరికీ పేరు పేరునా థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, తద్దినం అయ్యి నాలుగు రోజులైంది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన కూడా కిలోకేలరీ గారి మాటే అన్నాడు, ఇది పాతదే అని. ఇంజెక్షన్లు రాశాడు, రోజు విడిచి రోజు, ఆ తర్వాత మాత్రలు. అమ్మని కూడా లాక్కెళ్ళాను. ఆవిడకి 171. రోజూ రెండు పూటలా గడ్డపెరుగు తినే మనిషి. కాగితం రెండుసార్లు తిప్పి చూసి, ల్యాబు వాళ్ళు నాది నీది కలిపేసి ఉంటారు అంది. కానీ ఆ రోజు నుంచి "పాలు మానేసిన పాపం" అనే మాట ఆగింది, ఇద్దరం కలిసి ఇంజెక్షన్‌కి వెళ్ళొస్తున్నాం, దారిలో ఆవిడకి పూలు కొనాలి.

తద్దినం సంగతి. పురోహితుడు గారిని ముందే కలిశాను. ఆయన ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, హోమానికి, పిండానికి నెయ్యి లేకుండా కుదరదు, పితృశేషం మాత్రం వాసన చూస్తే తిన్నట్టే అని ఒక మాట ఉంది, నువ్వు అలా కానీయ్ అన్నారు. నాకు పూర్తిగా నచ్చిందని చెప్పలేను. వాణి గారు అడిగిన ప్రశ్న హోమం ముందు కూర్చున్నంతసేపూ చెవిలో ఉంది. నెయ్యి నేనే కొన్నాను, నేనే పోశాను. విస్తట్లో పరమాన్నం మటుకు చేత్తో తీసి వాసన చూసి పక్కన పెట్టాను. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. సాయంత్రం మా అత్తయ్య అంది, అన్నీ ఆవిడే.

కొట్టం గారూ, మీ అమ్మగారి ముసలి గేదె గురించి మా ఆవిడకి చదివి వినిపించాను. ఈసారి ఒంగోలు వైపు వస్తే ఒకసారి చూడాలని ఉంది, పాలు మాత్రం పోయకండి.

పల్లీ పెరుగు మూడో గిన్నె తోడుకుంది. మొదటిది నిజంగానే ఘోరం, మిరపకాయ బజ్జీ నానబెట్టిన నీళ్ళలా ఉంది. రెండోది ఫరవాలేదు. మూడోదాంట్లో అల్లం, కరివేపాకు తాలింపు పెట్టి తిన్నాక చెయ్యి కడుక్కోవాలనిపించింది. అమ్మ దాన్ని పెరుగు అనదు, "నీ పల్లీ గిన్నె" అంటుంది, కానీ నిన్న నాకు తెలియకుండా ఫ్రిజ్‌లో దానికి మూత మార్చి పెట్టింది.

ఇంకో సందేహం మిగిలింది. నిన్న పెరుగన్నంలోకి చల్లమిరపకాయలు వేయించుకుని ఆరు తిన్నాక గుర్తొచ్చింది, వాటిని ఊరబెట్టేది మజ్జిగలోనే కదా. డబ్బాలో ఇంకా పావుకిలో ఉన్నాయి, పోయిన వేసవిలో అమ్మ పెట్టినవి.

—

పల్లీల_వాణి:

అయ్యో, అది నాకు మూడో ఏడు దాకా తట్టలేదు. ఆ పావుకిలో ఏం చేయాలన్నది మీరూ మీ అమ్మగారూ తేల్చుకోండి. ఈ ఎండల్లో నేను పల్లీ మజ్జిగలో ఊరబెట్టి చూస్తున్నాను, నాలుగు రోజుల నుంచి డాబా మీద ఉన్నాయి. వేయిస్తే మాడకుండా వస్తాయో లేదో వచ్చే ఆదివారం చెప్తా.